మూడొందల కొమ్మలు

ఆ ఫొటో చూసి కళ్లు తుడుచుకోని మనిషి మా షాపుకి ఇంతవరకు రాలేదు. రాతిగోడ మీద చెట్టు, చెట్టు చీలికలో గూడు, గూట్లో దూదిఉండలాంటి పిల్ల, దాని మీద రెండు రెక్కలూ బార్లా చాపి, ముక్కు తెరిచి నిలబడ్డ తల్లి డేగ. కింద బంగారురంగు అక్షరాల్లో ‘అమ్మ నీడ’ అని పేరు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్లు కూడా దాని ముందు ఓ నిమిషం ఆగి, ముక్కు ఎగబీల్చి, “నోరులేని జీవాలకున్న ప్రేమ మనుషులకేదండీ” అంటారు. తర్వాత కుర్చీలో కూర్చుని, బుగ్గ మీద మచ్చ కనబడకుండా చెయ్యమని నన్ను అడుగుతారు. చేస్తాను. నా పనే అది.

మచ్చలు తీయడం, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించడం, కోటు లేనివాడికి కోటు తొడగడం. ఇరవై రెండేళ్లుగా మా ఆయన ఫొటో తీస్తారు, నేను దాన్ని మనిషిని చేస్తాను. మనుషుల మొహాల్ని తలుపంత పెద్దవి చేసుకుని రోజంతా చూస్తూ కూర్చుంటే వాళ్ల మీద గౌరవం నిలవదు. నాకు నిలవలేదు. మా అమ్మ ‘నోరు మంచిదైతే ఊరు మంచిదే’ అని సణుగుతూ సణుగుతూనే పోయింది. నా నోరు మంచిది కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత తగువుండదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే మా ఆయన పక్షులవాళ్ల పాలపడ్డారు. ఆదివారం వస్తే చాలు, పొద్దు పొడవకముందే ఆరుగురు మగాళ్లు మా షాపు ముందు చేరి గుసగుసలాడుకునేవాళ్లు. వీధిలో పక్షి లేదు, పిట్ట లేదు, అయినా గుసగుసలే. వాళ్లకి పెద్ద పళ్ల డాక్టరు. ఆయన కెమెరా లెన్సు మా ఇంట్లో గ్యాస్ సిలిండరంత ఉంటుంది. దాంతో ఆయన పిచ్చుకల్ని తీస్తాడు. గోటితో పోయేదానికి గొడ్డలి. అందరికీ మట్టిరంగు చొక్కాలు, చొక్కాకి పదమూడేసి జేబులు. అన్ని జేబుల్లో ఏం పెట్టుకుంటారని ఒకసారి మా ఆయన చొక్కా వెతికాను. ఒకదాంట్లో లెన్సు తుడిచే గుడ్డ, ఒకదాంట్లో చాక్లెట్టు. మిగిలిన పదకొండూ ఖాళీ.

మాటలు మాత్రం వేటగాళ్లవే. “ఏమైనా కొట్టావా?” “ఒకటి కొట్టాను, రెండోది తప్పించుకుంది.” చీమని కూడా తొక్కకుండా నడిచే మా ఆయన నోట ఆ మాటలు వింటుంటే నాకు ఆవులింతలొచ్చేవి.

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరికీ కలిపి ఉన్న నాలుక నాకే వచ్చింది. ఫోన్లు వచ్చి మా వ్యాపారం సగానికి పడిపోయినప్పుడు కూడా ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు, కెమెరా తుడుచుకుంటూ కూర్చున్నారు. పళ్ల డాక్టరు తన పాత లెన్సు ఒకటి వాడుకోమని ఇస్తే దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చారు. ఆ వారమంతా నాతో పాత కర్టెన్లన్నీ కలిపి గుడారం కుట్టించారు. దానికి ఆకుపచ్చ, గోధుమ రంగులు పూసి, అందులో దూరి, పక్షులకి కనబడకుండా కూర్చుంటారట. పెళ్లిళ్లలోనే ఎవరికీ కనబడని మనిషి, పక్షులకేం కనబడతారు అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

మొదట తీసినవి చెత్తకుప్ప మీది గద్దలు. ఓ డజను ఫ్రేములు కట్టించి షాపు గోడకి తగిలించారు. ఫొటోల్లోంచి వాసన రాదు కాబట్టి బతికిపోయాం అని వచ్చినవాళ్లందరికీ చెప్పేదాన్ని.

పాత క్వారీ దగ్గర వాచ్‌మన్‌గా ఉండే తాత గుర్తింపు కార్డుకి ఫొటో దిగడానికి వచ్చింది అప్పుడే. ఎండకి కమిలిన మొహం, కుడికన్ను కాస్త చిన్నది. కుర్చీలో కూర్చోకుండా గోడ మీది గద్దల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు.

“ఇవి ఏరుకుతినేవి సారూ. అసలుది మా దగ్గరుంది,” అన్నాడు.

మా ఆయన కెమెరా పక్కన పెట్టేశారు. “ఏది?”

“పేరు నాకేం తెలుసు. పెద్దమ్మ అంటాను. ఏడేళ్లుగా మా గోడకే గూడు కడుతోంది. పోయిన మూడేళ్లలో ఒక ఏడు గుడ్డు చెడింది. రెండేళ్లు పిల్లలు ఈకలు రాకుండానే పోయాయి. ఈసారి ఒకటే పిల్ల, గట్టిగా ఉంది. ఇదన్నా ఎగరాలి.”

“చూడొచ్చా తాతా?”

తాత నా వైపు చూశాడు, ఇంట్లో మాట ఎవరిదో కనిపెట్టినట్టు. “రావొచ్చు. షెడ్డు దాటి లోపలికి పోకూడదు. ఇంకెవర్నీ వెంట తేకూడదు. పిల్ల ఎగిరిందాకా ఈ రెండూ పాటిస్తే చాలు.”

మా ఆయన తాత చెయ్యి పట్టుకుని సరేనన్నారు. కార్డు ఫొటోలో తాత కుడికన్ను ఎడమకన్నంత చెయ్యమంటావా అని అడిగాను. “ఎందుకమ్మా, చిన్నదాంతోనే బాగా కనబడుతుంది,” అన్నాడు. ఆ ఏడు మచ్చ తీయించుకోకుండా వెళ్లిన మనిషి ఆయన ఒక్కడే.

ఆదివారం మేమిద్దరమే వెళ్లాం. క్వారీ పనులు ఆగిపోయి తొమ్మిదేళ్లయింది. మిగిలింది ఊరంత గొయ్యి, అడుగున పచ్చటి నీళ్లు, తుప్పుపట్టిన క్రషర్, రేకుల షెడ్డు, షెడ్డులో తాత. రాళ్లనెవరూ ఎత్తుకుపోరు కాబట్టి తాత కాపలా అంతా ఎదురుగోడకే. అక్కడ రాతి చీలికలోంచి ఓ చెట్టు అడ్డదిడ్డంగా పెరిగింది. దాని చీలికలో మంచమంత గూడు. గూటి మీదుగా ఆకులు దట్టంగా ఉన్న లావుపాటి కొమ్మ ఒకటి ముందుకి వంగి ఉంది.

“ఆ కొమ్మ చూసుకునే కట్టింది,” అన్నాడు తాత. “పదిన్నర దాటాక ఆ గోడ పెనంలా కాలుతుంది. సరిగ్గా అప్పుడు కొమ్మ నీడ గూట్లోకి దిగుతుంది. మూడింటిదాకా కదలదు. ఇళ్లు కట్టే మేస్త్రీలకి లేదమ్మా ఆ తెలివి.”

“కొమ్మ ఎండిపోతే?”

“ఎందుకెండుతుంది? పైగట్టు మీద నిలబడితే చేతికందుతుంది, అందుకే అటు ఎవర్నీ పోనివ్వను. కట్టెలకొచ్చేవాళ్లుంటారు.”

పిల్లకి ఒంటినిండా తెల్లటి నూగు. రోజూ పొద్దున దానికి కొత్త ఈకలేమైనా వచ్చాయా అని చూసుకోవడం తాత పని. ఆ మాట చెబుతున్నప్పుడు చిన్నకన్ను ఇంకా చిన్నదైంది. ఏడాది మనవరాలికి పళ్లు లెక్కపెట్టే తాతలు ఇలాగే మాట్లాడతారు.

తల్లి వచ్చింది. ఎలా వచ్చిందో నేను చూడలేదు, చూసేసరికి గూటి అంచున ఉంది. కాలికింద ఏదో చచ్చిన జంతువు. అది తల తిప్పి గొయ్యికి ఇవతలున్న మమ్మల్ని ముగ్గుర్నీ వరసగా చూసింది. పసుపు కళ్లు, పైన కోపంగా వంగిన కనుబొమ్మలు. వీళ్లా, అన్నట్టు చూసి తల తిప్పేసుకుంది. ఆ చూపు నాకు నచ్చింది. మనుషుల్ని అలా చూడటం నాకు బాగా తెలిసిన విద్య.

మా ఆయన కర్టెన్ల గుడారంలో దూరి సాయంత్రందాకా బయటికి రాలేదు. నేను, తాత షెడ్డులో టీ తాగాం. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన మెడ వెనకంతా ఉక్కకి ఎర్రగా పొక్కి ఉంది, అయినా దారంతా ఈల వేశారు. ఆయనకి ఈల వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు షాపులో ఆ ఫొటోలన్నీ కంప్యూటర్లో వేసి చూశాను. మూడొందల చిల్లర. ఆయన నా కుర్చీ వెనక నిలబడ్డారు.

“ఎలా వచ్చాయి?”

“కొమ్మలు బాగా వచ్చాయి.”

“పక్షి?”

“ఏదీ, ఇదా? కొమ్మకి ఏదో చీడ పట్టిందేమో అనుకున్నాను.”

ఆయన వంగి స్క్రీను మీదకి చూశారు. కొమ్మ ఆకులు ఒక ఫొటోలో తల్లి కళ్లకి అడ్డం, ఇంకోదాంట్లో ముక్కుకి అడ్డం. పిల్ల మీద మచ్చలు మచ్చలుగా నీడ. “నువ్వు ఆ నీడ కాస్త తీసెయ్యలేవా?” అన్నారు.

“పెళ్లికూతురి మొహం మీద నీడ పడితే తీస్తాను. మొహమే కనబడని చోట మొహం పెట్టడం నావల్ల కాదు. మూడొందల ఫొటోలు, మూడొందల కొమ్మలు. కట్టెల అడితి వాడికి అమ్ముకోవచ్చు. వెళ్లి ఆ కొమ్మనే కాస్త తప్పుకోమనండి.”

ఆ మాట నేనే అన్నాను. ఇక్కడ రాసిపెడుతున్నాను, రేపు కాదనడానికి వీల్లేకుండా.

అక్కడితో ఆగలేదు. రెండు వారాలు ఆయన వెళ్లారు, తెచ్చారు, నేను వెక్కిరించాను. అన్నం దగ్గర వెక్కిరించాను, కస్టమర్ల ముందు వెక్కిరించాను. ఆయన లెన్సు మంచిది కాదంటే ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్నాను. ఆయన ఈల వేయడం మానేశారు. మానేసిన సంగతి నేను గమనించాను, గమనించి దాని మీద కూడా ఓ మాట విసిరాను.

ఒకరోజు పళ్ల డాక్టరు షాపుకి వచ్చాడు. తాతకిచ్చిన మాట ప్రకారం మా ఆయన చోటు చెప్పలేదు, ఫొటోలు మాత్రం చూపించారు. డాక్టరు నోరు తెరిపించి చూసినట్టే ఫొటోల్ని కూడా పక్కకి వంగి చూస్తాడు.

“పక్షి అద్భుతం బ్రదర్. కానీ ఫ్రేమ్ శుభ్రంగా లేదు.”

“చీపురు పంపమంటారా డాక్టరుగారూ?” అన్నాను.

“చెల్లెమ్మకి హాస్యం ఎక్కువ.” నేను ఆయనకి చెల్లెలు ఎప్పుడయ్యానో నాకు తెలియదు. “గూళ్ల ఫొటోలు తీసేవాళ్లం కొద్దిగా తోటపని చేసుకుంటామమ్మా. ఓ ఆకు తుంచడం, ఓ రెమ్మ వంచడం. అందరూ చేసేదే, ఎవరూ చెప్పరంతే. పక్షికి తెలియను కూడా తెలియదు.”

“పన్ను పీకేముందు కూడా మీరు ఇదే మాటంటారు.”

ఆయన పెద్దగా నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. వేటపక్షుల ఫొటోల పోటీ ఒకటుందని, గురువారంతో గడువు అయిపోతుందని, పెద్ద పెద్దవాళ్లు పంపుతారని డాక్టరు చెప్పి వెళ్లాడు. వెళ్లాక నేను అన్నాను: “ఆయన చేతిలో పడుంటే ఆ పక్షి ఈపాటికి క్యాలెండరెక్కేది. పాపం, మీ చేతిలో పడింది.”

బుధవారం తాత క్వారీలో ఉండడు. వారానికోసారి ఆఫీసుకి పోయి సంతకం పెట్టాలి. ఆ బుధవారం మా ఆయన ఒక్కరే వెళ్లి, మధ్యాహ్నం మూడింటికల్లా షాపుకి తిరిగొచ్చారు. కెమెరాలోని కార్డు తీసి నా ముందు పెట్టి లోపల స్టూడియో గదిలోకి వెళ్లిపోయారు. వెనక నిలబడలేదు.

తెరిచాను. ఆకులు లేవు. తెల్లటి వెలుగు, వెనక నిప్పులా రాయి, ఆ వెలుగులో తల్లి రెండు రెక్కలూ చాపి నిలబడి ఉంది. ప్రతి ఈక విడివిడిగా లెక్కపెట్టొచ్చు. ముక్కు తెరిచి ఉంది. పసుపు కళ్లు తిన్నగా నన్నే చూస్తున్నాయి. రెక్కల కింద పిల్ల. ఇరవై రెండేళ్లలో ఆయన తీసిన ఫొటోల్లో నా చెయ్యి అవసరం లేనిది అదొక్కటే.

“బాగుంది,” అన్నాను.

స్టూడియో గదికి తలుపు లేదు, కర్టెనే. ఆయన కర్టెన్ తీసుకుని బయటికి వచ్చారు. “ఏమన్నావు?”

“బాగుంది అన్నాను. చెవుడా?”

ఆ పూట అన్నం రెండోసారి వడ్డించుకున్నారు. అంత చిన్న మాట కోసం మనిషి అలా అయిపోతాడని నాకు తెలియదు. తెలిస్తే అంతకుముందే అనేదాన్నో, అసలు అననే అనకపోదునో, నాకే తెలియదు.

గురువారం పొద్దున షాపు తీయగానే చెప్పారు. “పైన ఎడమమూల చిన్నదొకటి ఉంది. దాన్ని కాస్త తీసెయ్. సాయంత్రంలోగా పంపాలి.”

“కొమ్మ ఏమైంది?”

“గాలికి విరిగింది.”

ఆ మూలని పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. మా నాన్న వడ్రంగి. గాలికి విరిగిన కొమ్మ ఎలా ఉంటుందో, రంపం పడ్డ కొమ్మ ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అరచేతంత తెల్లటి కోత, నున్నగా. దాని పక్కనే బెరడు మీద ఇంకో గీత, రంపం మొదట జారిన చోటు. కొత్తవాడి చెయ్యి. కోత అంచున జిగురు ఇంకా ఆరలేదు.

“ఆ గాలి దగ్గర రంపం ఉన్నట్టుంది,” అన్నాను.

ఆయన కౌంటరు మీది కవర్లు సర్దడం మొదలుపెట్టారు.

“ఫొటో ఎన్నింటికి తీశారు?”

“పన్నెండున్నరకి.”

పన్నెండున్నర. పెనంలా కాలే గోడ. రెక్కలు ఎందుకు చాపిందో, ముక్కు ఎందుకు తెరుచుకునుందో అప్పుడు అర్థమైంది. అది ప్రేమ పోజు కాదు. నెత్తిమీద కప్పు పోయిన ఇల్లాలు చేతులడ్డం పెట్టుకుని నిలబడటం.

“పిల్ల చచ్చిపోతుంది,” అన్నాను.

“తల్లి నీడ పడుతోంది కదా.”

“అది తిండికి వెళ్లేటప్పుడో? మీకు బుద్ధి ఉందా? తాత చేతిలో చెయ్యేసి మాటిచ్చారు కదా.”

అప్పుడు ఆయన నా వైపు చూశారు. ఆయన గొంతు పెంచలేదు. ఆయనకి పెంచడం రాదు. “కొమ్మని తప్పుకోమనమన్నావు కదా. రెండు వారాలు రోజూ అన్నావు. ఒక్కసారి నీ నోటితో బాగుంది అనిపించుకుందామనుకున్నాను. అన్నావు కూడా.”

కరెంటు ఫ్యాను తిరుగుతోంది. ఎవరో వచ్చి నాలుగు కాపీలు ఎంతవుతాయని అడిగి వెళ్లారు. నాకు జవాబు దొరకలేదని కాదు. నాకెప్పుడూ జవాబు దొరుకుతుంది. ఆరోజు దొరికినవి ఏవీ పనికొచ్చేవి కావు.

“ఇప్పుడు కొమ్మ మళ్లీ అతుక్కోదు కదా,” అన్నారు ఆయన మెల్లిగా.

ఫొటోలోనే పక్కనున్న రాతి ముక్కని తీసుకుని ఆ కోత మీద కప్పాను. తెల్లదనం పోయింది, గీత పోయింది, జిగురు పోయింది. ఓ పుట్టుమచ్చ తీసినంత సేపు కూడా పట్టలేదు. పోటీ ఫారం చివర ఓ చిన్న గడి ఉంది: గూటికీ పక్షికీ ఎలాంటి హాని చేయలేదని ప్రమాణం చేస్తున్నాను. “నువ్వే నొక్కు,” అన్నారు ఆయన. నొక్కాను. అప్పుడే ఓ చాప, రెండు గుంజలు తీసుకుని క్వారీకి పరిగెత్తాల్సింది. ఆలోచన వచ్చింది. షాపు మూసేసి వెళ్లడమా, తాతకేమని చెప్పడమా అనుకుని, ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. ఇంతమందిని తీసిపారేసే దాన్ని, నేను చేసింది అదీ.

ఆదివారం వెళ్లేసరికి తాత షెడ్డు బయట కూర్చుని ఉన్నాడు. మోచేతులు గీసుకుపోయి ఉన్నాయి. గూట్లో ఏమీ కదలడం లేదు.

“నిన్న పోయిందమ్మా,” అన్నాడు. “బుధవారం సాయంత్రం వచ్చి చూద్దును కదా, కొమ్మ కింద నీళ్లలో పడి ఉంది. పెద్దమ్మ రెండు రోజులు కదలకుండా ఎండలో నిలబడింది. జతగా తిరిగే మగది తెచ్చిన తిండి ముట్టలేదు. నిన్న అది తిండికి లేచాక పైగట్టు ఎక్కి గోనెపట్టా కట్టాను. అది గాలికి కొట్టుకుంటుంటే బెదిరి రాలేదు. విప్పేశాను. విప్పితే ఎండ, కడితే తల్లి రాదు. ఏం చెయ్యను?”

మా ఆయన కెమెరా సంచీ జిప్పు లాగుతున్నారు, మూస్తున్నారు.

“కట్టెలోళ్ల పనే అనుకున్నా,” అన్నాడు తాత. “కానీ కొమ్మని వదిలేసి పోయారు సారూ. కట్టెలకైతే తీసుకుపోవాలి కదా. పనికిరాని పనికి ఎవడు కొడతాడు?”

దొంగకి తేలు కుట్టినట్టు ఇద్దరం నిలబడ్డాం. పెద్దమ్మ గొయ్యి మీద ఎత్తులో తిరుగుతోంది. తాత అటు చూడటం లేదు, నేలకేసి చూస్తున్నాడు.

నెలకి పోటీవాళ్ల దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. ఫొటో మొదటి బహుమతికి ఎంపికైందట, ప్రకటించేముందు కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు పంపమన్నారు. మా ఆయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివారు.

“అసలు దాంట్లో కూడా తీసెయ్యగలవా?”

“దాన్ని ముట్టుకుంటే తెలిసిపోతుంది.”

“అయితే కార్డు పాడైందని రాసెయ్. బహుమతి లేకపోతే పీడా పోయింది.”

రాస్తానన్నాను. రాయలేదు. అసలు ఫైలు, కోతతో సహా, ఉన్నదున్నట్టు పంపేశాను. మంచిదాన్నయిపోయానని కాదు. నేను నోరు విప్పలేని మాట ఇంకెవరైనా అంటే బాగుండుననిపించింది. ఐదుగురు న్యాయనిర్ణేతలు, అందరూ అడవుల్లో ముప్పై ఏళ్లు తిరిగినవాళ్లట. ఆ మూల పెద్దది చేసి చూస్తారు, ఛీ కొడతారు, పేపర్లో వేస్తారు. నాలుగు రోజులు అన్నం సహించక ఎదురుచూశాను.

ఐదోరోజు జవాబు వచ్చింది. అసలు ఫైలు పరిశీలించాం, మూలన ఒక తెల్లమచ్చ తీసినట్టు గమనించాం, అంతమాత్రం శుభ్రం చేసుకోవడం నిబంధనలకి లోబడే ఉంది, శుభాకాంక్షలు.

తెల్లమచ్చ. నాకు నవ్వొచ్చింది. కంప్యూటర్ ముందు ఒక్కదాన్నే కూర్చుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. పది కళ్లు చూశాయి, ఒక్క కంటికీ రంపం కనబడలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, అంత పరిశీలించి మచ్చని పట్టారు.

బహుమతి సభలో పళ్ల డాక్టరు మైకు పట్టుకుని తల్లిప్రేమ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ‘అమ్మ నీడ’ పేరు పెట్టింది అక్కడే. ముందువరస ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. మా ఆయన శాలువాలో ముడుచుకుని, చలి వేస్తున్నవాడిలా నిలబడ్డారు. డాక్టరు ఆ ఫొటోని నిలువెత్తు కట్టించి మా షాపుకి పంపాడు. వద్దంటే కారణం చెప్పాలి. తగిలించాం.

ఆ తర్వాత మా ఆయన లెన్సు తిరిగి ఇచ్చేశారు. గుడారం విప్పి మళ్లీ కర్టెన్లు చేశాను, ఆకుపచ్చ మరకలతో స్టూడియో గదికి అవే వేలాడుతున్నాయి. ఇంట్లో మాటలు తగ్గాయి. ఏ ఫొటో తీసినా నా ముందు పెట్టి, నా నోటికేసి చూస్తారు. బాగుంది అంటాను. ఆయన నమ్మరు.

ఎండలు తగ్గాక ఓ రోజు పొద్దున తాత షాపుకి వచ్చాడు. మా ఆయన లోపల లైట్లు సర్దుకుంటున్నారు. తాత గుమ్మంలోనే చెప్పులు విడిచి, “ఓ ఫొటో కావాలమ్మా,” అన్నాడు. “పిల్ల బతికున్నప్పుడు సారు తీసినవి ఉంటాయి కదా. ఒకటిస్తే షెడ్డులో పెట్టుకుంటాను. ఆ గోడకేసి చూడాలంటే మనసు రావట్లేదు.”

అని తల తిప్పాడు. నిలువెత్తు ఫొటో అక్కడే ఉంది.

దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అందరూ నిలబడే చోటే. ఆయన తల్లి కళ్లు చూడలేదు. పిల్ల భుజం దగ్గర వేలు పెట్టాడు. “ఈ రెండు నల్ల ఈకలు బుధవారం పొద్దున వచ్చాయి. చూసుకునే నేను ఆఫీసుకి పోయాను.” ఆ వేలు అలాగే పైకి, ఎడమమూలకి పోయింది. నేను రాతి ముక్క అతికించిన చోట సరిగ్గా ఆగింది. “ఇక్కడ కొమ్మ ఉండాలమ్మా.”

ఐదుగురు పండితులకి కనబడనిది ఆ చిన్నకంటికి కనబడటానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆయన ఇటు తిరిగాడు. “ఎవరు కొట్టారమ్మా?”

కర్టెన్ వెనక చప్పుడు ఆగిపోయింది.

“నేనే తాతా,” అన్నాను.

తాత నా చేతులకేసి చూశాడు. “నీకు రంపం పట్టడం వచ్చా?”

“మా నాన్న వడ్రంగి.”

“పైగట్టెక్కి?”

నేను కంప్యూటర్ వైపు తిరిగాను. ఆయన కర్టెన్ వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. ఇంకేం అడగలేదు. బెంచీ మీద కూర్చున్నాడు.

పాత ఫొటోలు తెరిచాను. మూడొందల కొమ్మలు. అప్పుడు వెక్కిరించడానికి చూశాను కాబట్టి నాకు కొమ్మలే కనబడ్డాయి. ఒకదాంట్లో ఆకుల నీడ పిల్ల మీద మచ్చలుమచ్చలుగా పడి ఉంది, పిల్ల నిద్రపోతోంది, తల్లి రెక్కలు ముడుచుకుని పక్కన కూర్చుని ఉంది. ఆకుల సందులోంచి ఒక్క కన్నే కనబడుతోంది. ఆ కంట్లో కోపం లేదు. అదే ప్రింటు తీశాను. నీడ తీయలేదు, వెలుగు పెంచలేదు, చెయ్యే పెట్టలేదు.

తాత దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశాడు.

“సారు ఇంత బాగా తీశాడు కదమ్మా,” అన్నాడు. “ఇంకేం కావాల్సొచ్చింది?”

లోపల కుర్చీ కిర్రుమంది. ఎవరూ బయటికి రాలేదు. నేను తల వంచుకుని, ఫొటో నలగకుండా ఉండటానికి అట్ట వెతకడం మొదలుపెట్టాను.